హైమ కోసిన పైపులు

ఫిబ్రవరి 3

ఈ డైరీ విత్తనాల కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చింది. తేదీలు పనికొస్తాయి, వారాలు కలవవు. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు కాగితంతోనైనా మాట్లాడుకోవాలి కదా. మనిషి లేకేం, ఉంది. వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతోంది. నాతోనే మాట్లాడదు.

ఇందులో నా తప్పేమీ లేదు. వాగు ఒడ్డున జామాయిల్ కోత అయిపోయింది, లోడు సారపాక పేపరు మిల్లుకు వెళ్లిపోయింది. మోళ్లు చిగురేస్తాయి, నాలుగేళ్లకు మళ్లీ కోత. ఏళ్ల తరబడి జరుగుతున్నదే. నిన్న పొద్దున పామాయిల్ తోటలో ఉంటే కింద వాగు వైపు నుంచి పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే జేసీబీ! జామాయిల్ మోళ్లు పీకుతోంది. పక్కన హైమ, కొంగు నడుముకు దోపుకుని డ్రైవరుకు చేత్తో చూపిస్తోంది. వెనకాల తండా నుంచి వచ్చిన బాలి, బాలి వెనకాల మహిళా సంఘం మొత్తం.

"ఏంది హైమా ఇది?" అన్నాను.

"వాగు ముక్క మా నాన్న పసుపు కుంకుమల కింద నాకిచ్చిందండీ. నా పేరు మీద ఉంది. మీరు మర్చిపోయినట్టున్నారు," అంది.

అందరి ముందూ అంది. జేసీబీ డ్రైవరు కూడా నవ్వాడు. ఇన్నేళ్లుగా ఆ ముక్కలో మొక్కలు నాటిందెవరు, కోత కోయించిందెవరు? నా పేరు వెంకటప్పయ్య అని ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. ఇవాళ మాత్రం నేను హైమ మొగుణ్ణి.

ఫిబ్రవరి 5

స్కూలు వరండాలో మీటింగు పెట్టారు. నన్నెవరూ పిలవలేదు. నా భార్య ఊరికి ఉపన్యాసం చెప్తుంటే ఇంట్లో కూర్చునేంత ఓపిక నాకు లేదు, వెళ్లాను.

సంగతి ఇదట. వాగుకు అటూ ఇటూ పొలాలున్న వాళ్లంతా ఒడ్డు వెంట కాస్త నేల వదిలెయ్యాలి. దున్నకూడదు, మందు కొట్టకూడదు, నిప్పు పెట్టకూడదు. అక్కడ రేగు, పరికి, బలుసు పొదలు పెరగనిస్తారు. మేడి, నేరేడు, ఈత నాటుతారు. హైమ ముక్కలో నీళ్ల గుంట తవ్వుతారు. ఎందుకయ్యా అంటే, పైనున్న అడవికీ కిందనున్న అడవికీ మధ్య కుందేళ్లూ నెమళ్లూ ముంగిసలూ వచ్చిపోవడానికి దారి కావాలట.

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వాగు మే నెలలో కూడా పారేది. నెమళ్లు మా పెరట్లోకి వచ్చేవి. జామాయిల్ వేశాక వాగూ పోయింది, అవీ పోయాయి," అంది హైమ.

జామాయిల్ వేసింది నేను. పేరు చెప్పలేదు కానీ అందరూ నా వైపే చూశారు.

నా పక్కనే కూర్చున్న పిచ్చయ్య లేచాడు. వాగు దిగువన అతని మిరప తోట ఉంది. "గంతేనా అక్కా? అడవి పందులకు డబుల్ బెడ్‌రూం ఇండ్లు గూడ శాంక్షన్ జేపిస్తవా?" అన్నాడు. వరండా అంతా ఒకటే నవ్వు. నేను అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే నవ్వాను.

బాలి ఊరుకుంటుందా. "నవ్వుండ్రి, బాగ నవ్వుండ్రి. మందు కొట్టీ కొట్టీ నీ తోటల తేనెటీగ గూడ లేకపాయె. పూత నిలుస్తలేదని మొన్న ఏడ్చింది నువ్వే గదా పిచ్చయ్యా," అంది. ఈసారి పిచ్చయ్య మీద నవ్వారు.

చివరికి వాగు వెంట అన్ని ఇళ్ల వాళ్లూ సరేనన్నారు, పిచ్చయ్యా నేనూ తప్ప. నేను లేచి, నా పామాయిల్ తోటలో జానెడు నేల కూడా ఇవ్వనని గట్టిగా చెప్పాను. హైమ తలెత్తకుండా, "మీది అక్కర్లేదు లెండి," అంది.

ఫిబ్రవరి 6

అక్కర్లేదట.

ఫిబ్రవరి 20

గుంట తవ్వేశారు. దానికి నీళ్లు ఎక్కడివి? నా తోటలోని బోరు నుంచి. బోరు వేసినప్పుడు వాగు ముక్కకు కూడా ఒక లైను ఇస్తానని నేనే అన్నానట. అని ఉంటాను. పెళ్లాంతో అన్న ప్రతి మాటా మొగుడు గుర్తుపెట్టుకుంటాడా?

లైను కలపడానికి హమీద్ వచ్చాడు. హమీద్ బోరు మోటార్లు వైండింగ్ చేస్తాడు. సెంటర్లో టీ హోటల్ ఎదురుగా అతని షాపు, వెనక ఇల్లు, పైన ఒక గది. ఈ ఊళ్లో నాకు స్నేహితుడంటూ ఉంటే అతనే. అతనే నా పైపుకు గేట్ వాల్వు బిగించి గుంట వైపు నీళ్లు వదిలాడు. అతని భార్య షాకేరా కూడా సంఘంలోనే ఉంది మరి.

"నువ్వు ఎవరి మనిషివిరా?" అని అడిగాను.

"రెండు దిక్కులా మనిషినే భాయ్. వదినె కూలి ఇచ్చింది, నువ్వు చాయ్ తాపించు," అన్నాడు. తాగించలేదు.

మార్చి 8

గుంట వైపు నేను వెళ్లడం లేదు. నాకేం పని.

ఇవాళ రెండు నీటికోళ్లు వచ్చాయి. ఒకదాని ముక్కు ఎర్రగా ఉంది, రెండోది ఇంకా పిల్లది అనుకుంటా. కంపల గుట్ట కింద ముంగిస దూరింది. గడ్డి కోసం అటు వెళ్తే కనపడ్డాయి. మాకు గేదెలు లేవు, ఆ సంగతి వేరే.

మార్చి 22

అనుకున్నంతా అయింది. తోటలోకి అడవి పందులు దిగాయి. లేత పామాయిల్ మొక్కల మొదళ్లు తవ్వి పోశాయి. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని, "నీ చుట్టాలు వచ్చి వెళ్లారు," అన్నాను. దాదాపు నెల తర్వాత నేనే ముందు మాట్లాడాను, అదైనా గుర్తించాలి.

"పందులు నేను పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. పోయినేడు తవ్వలేదా?" అంది.

"పోయినేడు వాటికి ఒడ్డున పొదలు లేవు."

"పొదలు ఇంకా నా మోకాలంత కూడా లేవు. వాటిలో పంది దాక్కుంటుందా?" గరిటె కింద పెట్టింది. "మీ కోపం పందుల మీద కాదండీ. మిమ్మల్ని అడక్కుండా ఒక పని చేశాను. అదీ మీ కోపం."

కంచం తోసేసి లేచాను. ఆకలి లేదు.

ఏప్రిల్ 11

ఎండలు ముదిరాయి. తోటకే నీళ్లు చాలవు, ఊళ్లో జంతువులన్నిటికీ నేనెక్కడ పొయ్యను? ఇవాళ గుంటకు పోయే గేట్ వాల్వు కట్టేశాను. మళ్లీ ఎవరూ తిప్పకుండా దాని చక్రం విప్పి తెచ్చి బీరువాలో పెట్టాను. హైమ చూసింది. నా నేల అక్కర్లేదన్న మనిషికి నా నీళ్లెందుకు?

ఏప్రిల్ 19

గుంటలో బురద మిగిలింది.

ఏప్రిల్ 21

తండా చేతి పంపు నుంచి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసుకొచ్చి గుంటలో పోస్తున్నారు. మొక్కలకూ పోస్తున్నారు. బాలి ముందు, హైమ చివర. మోకాళ్ల నొప్పులని భద్రాచలం గుడి మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కే మనిషి, నెత్తిన బిందె పెట్టుకుని నా తోట గట్టు మీంచే నడుస్తోంది. నాకు కనపడాలనే అటు నుంచి వస్తోంది. ఎవరు చూసినా ఏమనుకుంటారు? వెంకటప్పయ్య పెళ్లాం చేత పందులకు నీళ్లు మోయిస్తున్నాడని అనుకుంటారు. ఎంత పోసినా ఆ గుంట మధ్యాహ్నానికల్లా తాగేస్తోంది. ఎన్నాళ్లు మోస్తారో నేనూ చూస్తాను.

మే 2

నా డ్రిప్ పైపులు కోసేశారు!

పొద్దున మోటారు వేస్తే వరసకు వరస నీళ్లు పైకి చిమ్ముతున్నాయి. నల్ల పైపు ఎక్కడికక్కడ ముక్కలు. ఇది బాలి పని. నిన్న బిందెతో పోతూ నన్ను చూసి కావాలనే నేల మీద ఉమ్మింది. కత్తి మొద్దుదై ఉంటుంది, పైపు అంచులు నలిగి చితికి ఉన్నాయి. తడి మట్టిలో గిట్టల గుర్తులు ఉన్నాయి. అవి పాతవై ఉంటాయి.

మే 3

పైపు ముక్క ఒకటి పట్టుకుని హమీద్ షాపుకు వెళ్లాను. అతను దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"భాయ్, గిది కత్తి గాదు. పండ్లు. పందులు, ఉడుతలు గిట్లనే కొరుకుతయ్ ఎండాకాలం. దూప భాయ్. నీ పైపుల నీళ్లుంటయని వాటికి ఎరుకే."

"నీకు మోటార్లు తెలుసు. కత్తుల గురించి నీకేం తెలుసు?" అన్నాను.

"గుంట బంద్ జేస్తివి గదా. అవి యాడికి వోవాలె?"

ముక్క లాక్కుని వచ్చేశాను. దారిలో మురిక్కాలువలో పారేశాను. అక్కడి నుంచి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లి, బాలి నా పైపులు కోసిందని కంప్లయింటు రాసిచ్చాను. నేను రాసిచ్చిందాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అనుమానం ఎవరి మీద అని అడిగారు, ఎవరి మీద ఉందో చెప్పాను.

మే 4

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టేషనులో బాలిని బెంచీ మీద కూర్చోబెట్టారు. సంఘం ఆడవాళ్లు గేటు బయట. నేను కుర్చీలో. ఎస్సై కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. "పైపులెందుకు కోసినవమ్మా?" అని అడిగాడు.

"నేను కోస్తే పైపులెందుకు కోస్త సారూ, మోటారే వీకి వాగుల ఏద్దును," అంది బాలి. ఎస్సైకి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. కేసు రాస్తానన్నాడు. బాలికి అప్పుడు భయం వేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేసంటే తండాలో ఆమె పిల్ల పెళ్లి మాటలు కూడా ఆగిపోతాయి. ఆ భయం చూశాను. అయినా కూర్చునే ఉన్నాను.

అప్పుడు హైమ లోపలికొచ్చింది.

"పైపులు కోసింది నేను. ఆమెను పంపించండి," అంది.

"మీరెవరమ్మా?"

"ఆయన భార్యను."

ఎస్సై నా వైపు చూశాడు. "దేంతో కోసిన్రు?" అన్నాడు.

"కత్తిపీటతో."

కత్తిపీటతో! కూర్చుని కాలి కింద తొక్కిపెట్టి కూరగాయలు తరిగే పీటను ఎవరైనా తోటలోకి మోసుకెళ్తారా? గేటు దగ్గర ఆడవాళ్లందరికీ అది అబద్ధమని తెలిసింది. నాకూ తెలిసింది. జన్మలో వంకాయ కొయ్యని ఎస్సై మాత్రం తలాడించి రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ హైమ నన్నే చూసింది. ఒక్క మాట అనుంటే అక్కడితో అయిపోయేది. "అవి పంటి గాట్లు సార్" అంటే చాలు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"మొగుడూ పెళ్లాల లొల్లి కూడ స్టేషన్ల తెంపాలెనా?" అని విసుక్కుని ఎస్సై అందరినీ పొమ్మన్నాడు. హైమ చెప్పిందాని కింద సంతకం పెట్టింది. బాలి ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను బండి స్టార్టు చేసి ఆగాను, వెనక ఎక్కుతుందని.

హైమ రోడ్డు దాటి హమీద్ షాపు పక్క మెట్లెక్కి పైగదికి వెళ్లిపోయింది.

మే 5

రాలేదు. అన్నం నేనే వండుకున్నాను. ఉప్పు ఎక్కడుందో దొరకలేదు.

హమీద్ మీదికి వెళ్లాను. "నా పెళ్లాన్ని నీ ఇంట్లో పెట్టుకుంటావా?" అన్నాను.

"కిరాయికిచ్చిన భాయ్. షాకేరాకు కుట్టు పనిల సాయం ఉంటనన్నది." అతను మోటారు మీంచి తలెత్తలేదు. "పండ్లని నేను జెప్పిన. ఇన్నవా? నాతోని ఇగ మాట్లాడకు కొన్ని దినాలు."

ఉన్న ఒక్క స్నేహితుడూ అయిపోయాడు. మంచిది.

మే 6

ఖమ్మంలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి లిఖిత ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మ నిజంగానే కోసిందా?" అంది. ఫోన్లో సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

మే 9

మళ్లీ పైపులు కొరికాయి. కొరికాయి అనే రాశాను, చూడు. ఇక్కడ ఎవరు చదువుతారు గనక.

ఈసారి పిచ్చయ్యవి కూడా. పొద్దున టీ హోటల్ దగ్గర నలుగురినీ పోగేసి గొంతు చించుకుంటున్నాడు. "గిది మనుషుల పనేనా? నాకైతే పందులనే అనుమానం. ఒడ్డు పొంట పొదలన్నీ ఎండి ఉన్నయ్. ఒక్క అగ్గిపుల్ల గీస్తే పొద్దుగూకేసరికి అంత సాఫ్. మిగిలినవాటికి కరెంటు తీగ గుంజుత. తీగ చుట్ట ఇంట్లనే ఉంది." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్ జెప్పు వెంకటప్పయ్యా. పైపులు కోసింది మీ ఆమెనా, పందులా? పందులంటే ఇయ్యాలనే అంటువెడ్త."

అందరూ నా నోటి వైపే చూశారు. ఫిబ్రవరి నుంచి నేను కోరుకుంటున్నది ఇదే కదా. ఆ ఒడ్డు తగలబడాలనే కదా. టీ చల్లారిందని చెప్పి గ్లాసు పెట్టేసి వచ్చేశాను.

మే 10

హమీద్ లేని సమయం చూసి మెట్లెక్కాను. షాకేరా తలుపు తీసి, మంచినీళ్లిచ్చి కిందికి వెళ్లిపోయింది. హైమ కుట్టు మిషను దగ్గర ఉంది. చిక్కిపోయింది. నేనూ చిక్కాను, ఎవరూ అడగలేదు.

దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు అనేశాను. "పైపులు పందులే కొరికాయి. నాకు ఆ రోజే తెలుసు. స్టేషనుకు వెళ్లి అదే చెప్తాను. ఇంటికి రా హైమా."

నేను ఎవరికైనా ఇంత చెప్పడం ఇదే మొదటిసారి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కనీసం ఎందుకు చేశారని అడుగుతుందనుకున్నాను.

"చెప్పొద్దు," అంది.

"ఏంది?"

"పందులని మీ నోట వస్తే పిచ్చయ్య సాయంత్రానికి ఒడ్డు తగలబెడతాడు. పొదల్లో కుందేలు పిల్లలున్నాయి. మేము నీళ్లు మోసి బతికించిన మొక్కలున్నాయి. నా మాట నమ్మి అన్ని ఇళ్ల వాళ్లు నేల వదిలారు. అవన్నీ బూడిద చేసి నన్ను ఇంటికి తీసుకెళ్తారా?"

"నువ్వు బాలి కోసం ఒప్పుకున్నావనుకున్నాను."

"బాలి కోసమే వెళ్లాను. చెప్పాక తెలిసింది. సంఘం వాళ్లు నోరు విప్పరు, నేను కోశానని ఊరు నమ్మినంత కాలం పందుల జోలికి ఎవరూ పోరు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"తిట్టండి. టీ హోటల్ దగ్గర నిలబడి నన్ను తిట్టండి. మీకు కొత్త కాదుగా."

"ఇంటికెప్పుడొస్తావు?" అని అడిగాను.

"పైపులు కోసిన దాన్ని వారం తిరక్కుండా ఇంట్లో పెట్టుకుంటే ఎవరు నమ్ముతారండీ?" దారం తెంపింది. "ఇంకో మాట. మీ మీద కోపం పోయిందనుకోకండి. బాలిని బెంచీ మీద కూర్చోబెట్టారు మీరు. బోరు మీది, నీళ్లు మీవి. వాటి గురించి కూడా నేనేమీ అడగను."

మెట్లు దిగి చెప్పులు తారుమారుగా తొడుక్కున్నాను. ఎండ.

మే 11

బీరువాలోంచి గేట్ వాల్వు చక్రం తీసి బిగించాను. మోటారు తక్కువ లోడు మీద తిరిగితే పాడవుతుందని హమీద్ ఎప్పుడో అన్నాడు, అందుకని. గుంట వైపు పైపు ఎవరికీ కనపడకుండా మట్టి కప్పి పైన కంప వేశాను. ముల్లు దిగింది.

మే 12

పొద్దున్నే వెళ్లాను టీ హోటల్‌కు. పిచ్చయ్య రాగానే మొదలుపెట్టాను. అది ఆడదా, నా కొంప ముంచడానికి పుట్టింది, పైపులు కోసిన దాని చేతులు పడిపోనూ. ఎదురుగా పైగది కిటికీ తెరిచే ఉంది. పిచ్చయ్య ఆశ్చర్యంగా చూశాడు.

"మరి నావి? నావి గూడ ఆమెనేనా?"

"నీవి కూడా అదే కోసింది. నా కళ్లతో చూశాను. పొద్దు పొడవక ముందే నీ తోటలోంచి వస్తోంది."

"నేనేం జేసిన ఆమెకు?"

"పందులకు డబుల్ బెడ్‌రూం అని అందరిలో వెక్కిరించలేదూ? మనసులో పెట్టుకుంది."

పిచ్చయ్య ముఖం చిన్నబోయింది. నిజమే గదా, అనేసిన, అనుకున్నాడు. నా షెడ్డులో ఉన్న కొత్త పైపు చుట్ట తెచ్చి అతనికి ఇచ్చాను. పెళ్లాం చేసిన పాపానికి మొగుడు జరిమానా కడుతున్నాడని హోటలంతా నన్ను చూసి జాలిపడింది. ఎవరూ అగ్గిపుల్ల మాట ఎత్తలేదు.

వెనక్కి వస్తుంటే బాలి ఎదురొచ్చింది. "నీకోసం గా తల్లి ఇన్నేండ్లు వండి వెట్టిందా, థూ!" అంది. తిట్టమన్నది తనేనని హైమ ఆమెకు కూడా చెప్పలేదన్నమాట. తల వంచుకుని వచ్చాను. ఉమ్ము చెప్పు మీద పడింది.

మే 17

తిట్టాను.

మే 18

తిట్టాను. లిఖిత ఫోన్ చేసి, ఇలాగే చేస్తే ఇక ఇంటికి రానంది. దానికి కూడా చెప్పలేకపోయాను.

మే 25

తిట్టడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ల నాన్నను తిట్టాను, బోనకల్‌లో వాళ్ల అన్నదమ్ముల్ని తిట్టాను, నడకను తిట్టాను. ఇవాళ ఆమె చారు గురించి మొదలుపెట్టాను. ఆ చారు నోట్లో పెట్టలేమన్నాను. అక్కడ తడబడ్డాను. హైమ చారు మా వైపు చుట్టాలంతా అడిగి మరీ పోయించుకుంటారు. ఇంటికొచ్చి మజ్జిగ పోసుకు తిన్నాను, తినలేకపోయాను. ఆమె లేని ఇల్లు నాకు వద్దు. ఇది గట్టిగా చెప్పడానికి ఊళ్లో ఒక్క మనిషి లేడు.

మే 29

గుంట సగం నిండింది. మే పదకొండు తర్వాత నా తోటలో గానీ, పిచ్చయ్య తోటలో గానీ ఒక్క పైపు తెగలేదు. వాటికి నా పైపుల మీద ఏ కక్షా లేదు, అంతే. ఇవాళ నేరేడు మొక్కల దగ్గర కూర్చున్నాను. గడ్డి కోసం కాదు, ఊరికే. కుందేలు ఒకటి నన్ను చూసి కూడా కదల్లేదు.

జూన్ 9

వాన. వాగు కదిలింది. ఒడ్డంతా పచ్చబడింది. ఇక చెప్పొచ్చు, తడి పొదలు తగలబడవు, హైమను తెచ్చుకోవచ్చు అనుకుని పొద్దున లేచాను. గడ్డం కూడా గీసుకున్నాను.

టీ హోటల్ దగ్గర ముందు పిచ్చయ్యను కదిపి చూద్దామని, "నువ్వు ఆ కరెంటు తీగ ఏం చేశావు?" అని అడిగాను.

"ఇంట్ల ఉన్నది. పందులు గాదని తేలె గదా. తేలకపోతే ఈపాటికి ఒడ్డు పొంట గుంజుదును, నాకేందిరో భయం," అన్నాడు.

తీగకు ఎండా వానా తేడా లేదు. నేను గడ్డం గీసుకున్నప్పుడు ఈ సంగతి తట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను.

జూన్ 14

ఇవాళ హోటల్ దగ్గర పిచ్చయ్య అందరికీ టీ చెప్పాడు. నా భుజం మీద చెయ్యేశాడు.

"మనిషంటే గిట్లుండాలె. స్టేషన్ల వెట్టిండు, ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు, దినాం నలుగుట్ల తిట్టిండు. జూడుండ్రి, నెల దాటింది, ఎవ్వరి పైపన్న తెగిందా? తెగలే! ఆమెనే కోసిందనేదానికి ఇంతకన్న సాక్ష్యం ఏం గావాలె?"

అవ్ అవ్ అన్నారందరూ. వాగు ఒడ్డుకు నేల వదిలిన వాళ్లు కూడా అన్నారు. నీళ్లు వదిలింది నేను. పైపులు తెగడం ఆగింది నీళ్లతో. ఆ నీళ్లే ఇప్పుడు హైమ మీద నేరం రుజువు చేశాయి.

"ఇప్పుడు మెత్తవడకు," అన్నాడు పిచ్చయ్య. "మళ్ల ఇంట్లకు రానిచ్చినవనుకో, మళ్ల షురూ జేస్తది. అప్పుడు మా పైపులకు నువ్వే జవాబు జెప్పాలె. అందరి ముంగట జెప్పు, రానియ్యనని."

లెక్క తేలిపోయింది. నిజం చెప్తే హైమ వస్తుంది, ఒడ్డు పోతుంది. ఒడ్డు పోతే వచ్చిన హైమ నా ముఖం చూడదు. చెప్పకపోతే ఒడ్డు ఉంటుంది, హైమ ఆ పైగదిలోనే ఉంటుంది. ఇది ఎవరో చేసింది కాదు. ఆ కంప్లయింటు నేనే రాసిచ్చాను.

"రానివ్వను," అన్నాను.

"గట్టిగ జెప్పు, ఎనకోళ్లకు ఇనవడలే."

లేచి రోడ్డు వైపు తిరిగాను. నా గొంతు మామూలుగానే పెద్దది. "నా కంఠంలో ప్రాణముండగా ఆ మనిషిని నా గడప తొక్కనివ్వను!" అని అరిచాను. బస్సు కోసం నిలబడ్డ వాళ్లు కూడా తిరిగి చూశారు. అరుస్తుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, కోపంతో అనుకున్నారు.

పైగది కిటికీలోకి హైమ వచ్చింది. చేతిలో కత్తెర.

"నేనూ రాను పొండి! మీరు కాళ్ల మీద పడి పిలిచినా రాను!" అని అంతకంటే గట్టిగా అరిచింది.

"జూసినవా, ఎంత పొగరో," అన్నాడు పిచ్చయ్య.

"చూశాను," అన్నాను.

మే పదో తేదీ తర్వాత హైమ నాతో మాట్లాడింది ఇవాళే. రేపు ఇంకాస్త పెందలాడే వెళ్లాలి టీకి.